మా ఇంట సముద్రపు పురుగులు

పోయిన నెల జన్వాడ దగ్గర ఒక ఫామ్‌హౌస్‌లో మా ఆడబిడ్డ మనవడి పుట్టినరోజు చేశారు. అక్కడ ఈతకొలను పక్కన లారీలకొద్దీ తెల్లటి ఇసుక పోయించి దాన్ని బీచ్ అన్నారు. గొడుగులు, పడక కుర్చీలు, కొబ్బరి బొండాల్లో స్ట్రాలు, అన్నీ ఉన్నాయి. అలలు మాత్రం లేవు. పెద్దవాళ్లందరూ నీడలో కూర్చుంటే నేను చెప్పులు విడిచి ఆ ఇసుకలో చతికిలబడ్డాను. నాకు తెలియకుండానే నా కుడిచెయ్యి మణికట్టు దాకా ఇసుకలోకి పోయింది. వేళ్లు లోపలంతా మెల్లగా వెతకడం మొదలుపెట్టాయి. మా మనవరాలు పరుగెత్తుకొచ్చి, "నానమ్మా, చెవికమ్మ పడిపోయిందా?" అని కంగారుగా అడిగింది. "లేదే, పురుగు కోసం చూస్తున్నా" అన్నాను. అది కెవ్వున అరిచి కుర్చీ ఎక్కింది. దానికి అంతా చెబుదామంటే పాటల మోతలో నా గొంతు నాకే వినిపించలేదు. ఇంటికి వచ్చాక కూడా ఆ సంగతి మనసులోంచి పోలేదు. యాభై ఏళ్లు గడిచినా, ఇసుక కనిపిస్తే చాలు, నా చేతికి ఇప్పటికీ ఆ పాత ఆత్రమే.

ఆ ఆత్రం అంటించింది మా చిన్నమ్మ. మా అమ్మకు చెల్లెలు. చేవెళ్లలో పుట్టి, మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుని, హైదరాబాదులో ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేది. ముప్పై దాటినా పెళ్లి చేసుకోలేదు. మెడలో గొలుసుకు బదులు నల్లదారానికి కట్టిన చిన్న భూతద్దం వేలాడుతుండేది. నడిస్తే గాలి లేచేది. ఏదైనా వింత కనిపిస్తే "చూడు, చూడు, చూడు" అని ముమ్మారు అనేది. మూడో "చూడు" వచ్చేసరికి మనం పక్కన లేకపోతే చెయ్యి పట్టి లాక్కుపోయేది. అలా లాగించుకుని నేను చూసిన వాటిలో తేలు వీపున పిల్లలు, బురదలో తాబేలు గుడ్లు, గండిపేట చెరువు గట్టున పాము విడిచిన కుబుసం ఉన్నాయి. మా అమ్మకూ ఆమెకూ పదేళ్ల తేడా. అమ్మ ఆమెను చెల్లెలిగా కాక, అల్లరి మానని పెద్దకూతురిగా చూసుకునేది.

అరవై తొమ్మిది ఎండాకాలం మొదట్లో చిన్నమ్మ మొయినాబాద్‌లోని మా ఇంటి ముందు జట్కా దిగింది. ఒక చేతిలో బట్టల సంచి, రెండో చేతిలో పెద్ద బిస్కట్ల డబ్బా. అంతకుముందు కొన్ని నెలలుగా సెలవు పెట్టి సముద్రతీరంలో ఉండి పరిశోధన చేసుకుంటోంది. కాలేజీ పనిమీద హైదరాబాదు వచ్చేసరికి ప్రత్యేక తెలంగాణ ఉద్యమం కమ్ముకుంది. కాలేజీలు మూతబడ్డాయి, హాస్టళ్లు ఖాళీ అయ్యాయి, వీధుల్లో బాష్పవాయువు. తిరిగి తీరానికి పోదామంటే రైళ్లు నడుస్తాయో లేదో చెప్పేవాళ్లు లేరు. నేనూ అప్పటికే కాలేజీ మూసేస్తే ఇంటికి చేరి ఉన్నాను. డబ్బాలో జీడిపప్పు బిస్కట్లు ఉన్నాయనుకుని నేనే మూత తీశాను. లోపల తడి ఇసుక. చేపల బజారు వాసన గుప్పుమంది.

"చూడు, చూడు, చూడు" అంటూ చిన్నమ్మ ఇసుకలో వేలు పెట్టి ఏదో తీసి నా అరచేతిలో వేసింది. ముందు ఏమీ కనిపించలేదు. తర్వాత ఇసుకలో ఒక ముక్క నడవడం మొదలుపెట్టింది. జొన్నగింజకన్నా కాస్త పెద్దది, కోలగా నున్నగా ఉన్న పురుగు. అచ్చం ఇసుక రంగు. చేతిలోంచి జారి డబ్బాలో పడగానే ముందుకాళ్లతో తవ్వుకుంటూ, నీళ్లలో చేప మునిగినట్టు, ఇసుకలో మునిగిపోయింది. అలలు వచ్చి ఆగే గీతకు కాస్త పైన, ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచు కింద ఇవి బతుకుతాయని చెప్పింది. పగలంతా ఇసుకలో దాక్కుని, వెలుగు తగ్గాక బయటికి వచ్చి ఆ నాచునూ చచ్చిన చేపలనూ తింటాయట. ఆ వంశం మొత్తానికీ చీకటంటే ఇష్టమనీ, మన పిండి డబ్బాల్లో చేరే ఎర్రటి పిండిపురుగు కూడా వీటికి వరస అవుతుందనీ అంది. అది విన్న మా అమ్మ వంటింట్లోంచే, "గా చుట్టాలు మా ఇంట్ల శానమంది ఉన్నరు, పైసా కర్సు లేకుంట. గంత దూరం పోవుడెందుకు?" అని అడిగింది.

చిన్నమ్మ తంటా ఏమిటంటే, ఆ పురుగులు దొరికే ఇసుకలోనే ఆమెకు సన్నటి, పసుపుపచ్చటి లార్వాలు దొరికాయి. అవి ఈ పురుగు పిల్లలేనని ఆమె నమ్మకం. ఆమెకు దారి చూపించే ప్రొఫెసరు గారు ఒప్పుకోలేదు. "పక్కపక్కన దొరికినంత మాత్రాన తల్లీపిల్లలైపోతాయా అమ్మా? పెంచి చూపించు" అన్నారట. పెంచడం అంటే ఆ లార్వా నిద్రలోకి పోయి, కోశంగా మారి, అందులోంచి పురుగై బయటికి వచ్చేదాకా కాపాడి కళ్లతో చూడడం. తీరంలో రెండుసార్లు ప్రయత్నిస్తే రెండుసార్లూ బూజు పట్టి పోయాయి. ఈ డబ్బాలోవి మూడో విడత. సెలవు అయిపోవస్తోంది. ఇవి కూడా పోతే ఇన్నాళ్ల కష్టం ఇసుకపాలే.

"పెండ్లి చేస్కోమంటే చేస్కోవు, పురుగులకు మాత్రం పురుడు పోస్తవ్" అని అమ్మ సణిగింది. సణుగుతూనే సామాన్ల గది ఖాళీ చేసి, వెడల్పాటి మట్టి పళ్లెం కడిగి ఇచ్చింది. అందులో సముద్రపు ఇసుక పరిచాం. చుట్టూ తడిపిన గోనెసంచి చుట్టాం. కిటికీకి కంబళి కట్టాం. మధ్యాహ్నం కంబళి కిందికి దించి చీకటి చేసి కూర్చుంటే, రాత్రయిందనుకుని పెద్ద పురుగులు ఒక్కొక్కటే ఇసుక మీదికి వచ్చి షికారు చేసేవి. చిన్నమ్మా నేనూ నేలమీద బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. సీసాలో తెచ్చిన సముద్రపు నీళ్లు కొద్దిరోజులకే అయిపోయాయి. అప్పుడు మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, సైకిల్ మీద గండిపేట నీళ్లు బిందెతో తెచ్చేవాడు. చిన్నమ్మ అందులో దొడ్డుప్పు వేసి, నాలుకతో రుచి చూసి, "ఇంకొంచెం" అనేది. "పట్నమంత తియ్యగ తాగే నీళ్లను ఉప్పు చేసి పురుగులకు వోస్తున్నం. దేవుడు ఏమంటడో" అని బాపు నవ్వేవాడు. తర్వాత నాచు కూడా అయిపోయింది. ఎండుచేపలు కావాలి. లారీలు సరిగా రాక ఎండుచేపలు మా ఊళ్లో దొరకడం మానేశాయి. అమ్మ అటకమీద దాచుకున్న చివరి మూట దించి పళ్లెం ముందు పెట్టింది. ఆ నెలంతా మేం పచ్చిపులుసుతో తిన్నాం. మా పురుగులు ఎండుచేపలతో తిన్నాయి.

ఇంత సందడిలోనూ ఇంట్లో ఒక దిగులుండేది. మా అన్న ఇంట్లో లేడు. డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఉద్యమం మొదలైన కొత్తలో, "పరీక్ష రాసి పోరాదు బిడ్డా" అని బాపు అంటే, "పరీక్షలే లేవు బాపూ, ఏం రాయాలె?" అని ఎదురు చెప్పి, మాటా మాటా పెరిగి, భుజాన తువ్వాల వేసుకుని వెళ్లిపోయాడు. శంకరపల్లి దగ్గర రైలుపట్టాల మీద కూర్చున్నాడని ఒకరు చెప్పేవారు, వికారాబాదులో ఊరేగింపు ముందు నడిచాడని ఇంకొకరు. కాల్పుల వార్త వచ్చిన రోజు అమ్మకు అన్నం ముద్ద దిగేది కాదు. రోజూ సాయంత్రం ఇంట్లో ప్రార్థన చేసుకునేవాళ్లం. అమ్మ కళ్లు మూసుకుని, "ప్రభువా, నా కొడుకును ఏ ఆపద రాకుంట సూడు" అనేది. ఆమె ఆమెన్ అనేలోపు చిన్నమ్మ అందుకుని, "నా పురుగులను గూడ" అనేది. మొదట అమ్మకు కోపం వచ్చేది. కొన్నాళ్లకు తానే "నా కొడుకును, మా చెల్లె పురుగులను" అని కలిపి అడగడం మొదలుపెట్టింది.

మే నెలలో ఎండ ముదిరింది. సామాన్ల గదికి పైన రేకులు. మధ్యాహ్నానికి గది పొయ్యిలా మారేది. గోనెసంచి ఎన్నిసార్లు తడిపినా గంటలో ఎండిపోయేది. లార్వాలు చావడం మొదలైంది. పొద్దున్నే చిన్నమ్మ భూతద్దంతో ఇసుక కదిలించడం, నల్లబడి గట్టిపడినదాన్ని తీసి పక్కన పెట్టడం, ఏమీ మాట్లాడకుండా బావి దగ్గరికి పోయి ముఖం కడుక్కోవడం. నోరు మూతపడని మనిషి మౌనంగా ఉంటే ఇల్లంతా బోసిపోయింది. ఒకరోజు పొద్దున ఆమె అరిచిన అరుపుకు బాపు పెరట్లోంచి కర్ర తీసుకుని పరుగెత్తుకొచ్చాడు, పామనుకుని. "చూడు, చూడు, చూడు!" మిగిలిన ఒకే ఒక్క లార్వా చర్మం విడిచేసింది. ఇసుకలో తాను చేసుకున్న చిన్న గుంటలో బియ్యపుగింజంత తెల్లటి కోశం. భూతద్దంలోంచి చూస్తే కాళ్లన్నీ గుండెల మీదికి ముడుచుకుని ఉంది. ఏనాడూ పళ్లెం దగ్గరికి రాని అమ్మ ఆ రోజు వచ్చి చాలాసేపు చూసింది. "పసిగుడ్డు చేతులు ముడుచుకున్నట్టె ఉన్నది చెల్లె" అంది. తర్వాత తానే తేల్చింది. "గీ అర్రల ఉంచితె గిది బతకది. అవ్వ దగ్గరికి కొంచవోరి. చేవెళ్ల ఇల్లు సల్లగుంటది."

నిజమే. చేవెళ్లలో అమ్మమ్మ ఇంటి మట్టిగోడలు చేయి చాచినంత మందం. అమ్మమ్మను మేం అవ్వ అనేవాళ్లం. ఆ ఇంట్లో నడిమి గదిలో మే నెలలోనూ దుప్పటి కావాలనిపించేది. బస్సులు లేవు కాబట్టి బాపు ఎడ్లబండి కట్టాడు. పశువులను చూసుకోవడానికి అమ్మ ఆగిపోయింది. తెల్లవారుతుండగానే బయలుదేరాం. కుదుపు తగలకుండా బండి నిండా వరిగడ్డి పరిచాం. చిన్నమ్మ ఒడిలో పళ్లెం, దానిమీద తడిబట్ట, ఆ బట్ట ఆరకుండా నీళ్లు చిలకరిస్తూ నేను. బండి గుంతలో పడినప్పుడల్లా చిన్నమ్మ పళ్లెంతో సహా గాల్లోకి లేచేది. "బావా, మెల్లగ!" అని ఆమె, "రోడ్డు నేనేసిన్నా?" అని బాపు. దారి పొడుగునా ఇదే పాట. అయినా నాకు ఆ ప్రయాణం పెళ్లికి పోతున్నంత సంబరంగా ఉంది.

చేవెళ్ల ఇంకా కాస్త దూరం ఉందనగా రోడ్డుకు అడ్డంగా రాళ్లు, తుమ్మకంప. ముఖాలకు తువ్వాలలు చుట్టుకున్న కుర్రాళ్ల గుంపు. బాపు పగ్గాలు బిగించాడు.

"బండి ఆపుండ్రి. ఇయ్యాల ఏ బండీ పోదు" అన్నాడు ముందున్నతను. నినాదాలు ఇచ్చి ఇచ్చి గొంతు పూర్తిగా బొంగురుపోయింది. మాట గీరుకుంటూ వస్తోంది.

"ఎందుకు పోదు? మేం మంత్రులమా, గుత్తేదార్లమా?" అంది చిన్నమ్మ.

"ఒడిల ఏమున్నది?" అని ఇంకొకడు అడిగాడు.

"ఇసుక."

"ఇసుకను ఒడిల వెట్టుకొని పోతరా ఎవలన్న?"

"ఇది సముద్రం ఇసుక. తూర్పు తీరం కెల్లి తెచ్చిన" అంది చిన్నమ్మ, దాచాలన్న ఆలోచనే లేకుండా. నేను ఆమె కొంగు పట్టి లాగాను. వెనక నుంచి ఒక సన్నటి గొంతు, "అంటే ఆంధ్ర ఇసుకనా?" అంది. ఇంకెవరో "గో బ్యాక్!" అన్నారు. అంతే, గుంపంతా పగలబడి నవ్వింది. చిన్నమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే పళ్లెం పట్టుకుని బండిలో లేచి నిలబడి, కాలేజీలో బల్ల ముందు నిలబడినట్టు చెప్పడం మొదలుపెట్టింది. ఈ పురుగేమిటో, ఆ లార్వా ఏమిటో, ప్రొఫెసరు గారు ఏమన్నారో, ఈ ఒక్క గింజ బతికితే ఏమవుతుందో. నెలల తరబడి పాఠం మొహం చూడని కుర్రాళ్లు బండి చుట్టూ మూగారు. "మేడం, ముట్టుకుంటె సస్తదా?" అని ఒకడు. "ముట్టుకోకు. ముందు నీడ పట్టుర్రి. ఎండకు సస్తది!" అని చిన్నమ్మ. ఇద్దరు పరుగెత్తి బ్యానర్ గుడ్డ తెచ్చి పళ్లెం మీద పందిరిలా పట్టారు. జై తెలంగాణ అని ఎర్రటి అక్షరాలు. ఆ నీడలో చిన్నమ్మ తడిబట్ట తీసి, దగ్గరికి వచ్చిన బొంగురుగొంతు అతని చేతుల్లో పళ్లెం పెట్టి, "గట్టిగ పట్టుకో" అని భూతద్దం తీసింది.

అప్పుడు బాపు బండి మీది నుంచే, నెమ్మదిగా, "గొంతు గట్లెందుకు చేసుకున్నవు బిడ్డా?" అన్నాడు.

అతను తలెత్తాడు. తువ్వాల జారింది. మా అన్న. గడ్డం పెరిగి, సగం చిక్కిపోయి ఉన్నాడు. "అన్నా!" అని నేను అరిచిన అరుపు, దూరం నుంచి వస్తున్న జీపు చప్పుడు ఒక్కసారే వినిపించాయి. "పోలీసులు!" అన్నారెవరో. రెప్పపాటులో గుంపు మాయమైంది. బ్యానర్‌తో సహా పొలాలకు అడ్డం పడి కంపచెట్ల వెనక్కి పోయారు. రోడ్డు మీద మేం ముగ్గురం, రెండు ఎడ్లు, చేతుల్లో పళ్లెంతో అన్న. వాడు పళ్లెం దించబోయాడు. "కదిలినవంటె సూడు! గది ఒరిగితె నిన్ను నేనే పోలీసోళ్లకు అప్పజెప్త" అని చిన్నమ్మ గుసగుసగా గర్జించింది. ఆ కోపం పురుగు కోసమో, పరుగెత్తితే వాడి మీద తుపాకీ లేస్తుందన్న భయంతోనో నాకు ఇప్పటికీ తెలియదు.

జీపు ఆగింది. దిగిన సబ్‌ఇన్‌స్పెక్టరు నడివయసువాడు, ఎండకు కమిలి ఉన్నాడు. మాట వినగానే తీరం మనిషని తెలిసిపోయింది. "ఈ రాళ్లు ఎవరు పెట్టారు?" అన్నాడు. "మాకెట్ల ఎర్క సారూ, మేం వచ్చేసరికే ఉన్నయి" అన్నాడు బాపు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. "ఆ పళ్లెంలో ఏమిటి?" అని ఆయన అన్న దగ్గరికి నడిచాడు. చిన్నమ్మ ఇసుకలో వేలు పెట్టి, ఒక పెద్ద పురుగును తీసి ఆయన ముందు అరచేయి చాచింది.

ఆయన వంగి చూశాడు. టోపీ తీసి మళ్లీ చూశాడు. "ఇది... ఇది మా ఉప్పాడ పురుగు కదండీ!" అన్నాడు. ఆ గొంతులో పోలీసు లేడు. "వలలు ఆరేసే చోట చెయ్యి పెడితే గుప్పెడు వచ్చేవి. చొక్కా జేబులో వేసుకుని బడికి పోతే మా మాస్టారు... ఇవి ఇక్కడికెలా వచ్చాయండీ?"

"రైల్ల వచ్చినయి సార్."

"మళ్లీ ఎప్పుడు వెళ్తాయి?"

"రైళ్లు మంచిగ నడిస్తె."

"నేనూ అంతేనండి" అని ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. పురుగును తన అరచేతిలోకి ఎక్కించుకున్నాడు. అది ఆయన వేళ్ల సందుల్లోంచి నడుస్తుంటే చూస్తూ నిలబడ్డాడు. జీపులోని కానిస్టేబుళ్లు ముఖాలు చూసుకున్నారు. కాసేపటికి దాన్ని ఇసుకలోకి వదిలి, తలెత్తి అన్న వైపు చూశాడు. "ఇతనెవరు?"

"మా కాలేజీ అటెండరు" అంది చిన్నమ్మ.

"పేరేమిటోయ్?"

అన్న నోరు తెరిచాడు. గరగరమని గాలి తప్ప ఏమీ రాలేదు.

"జలుబు చేసింది సార్" అని చిన్నమ్మే అందుకుంది.

"మే నెలలోనా?" ఆయన అన్న కాళ్లకున్న దుమ్మునూ, మెడలోని తువ్వాలనూ, పళ్లెం పట్టుకున్న చేతులనూ తీరిగ్గా చూశాడు. "మిరియాల కషాయం పట్టించండి. ఒక వారం బయట తిరగనివ్వకండి. లేకపోతే గొంతు పూర్తిగా పోతుంది" అని చెప్పి ఆయన టోపీ పెట్టుకున్నాడు. కానిస్టేబుళ్ల చేత రాళ్లు జరిపించి, మా బండి దాటేదాకా నిలబడి, జీపెక్కి వెళ్లిపోయాడు. ఆయన పేరు మాకు తెలియదు. ఆ తర్వాత ఎప్పుడూ చూడలేదు. బండి కదిలాక చాలాసేపటికి బాపు సద్దిమూట విప్పి, వెనక్కి తిరగకుండానే అన్న వైపు చాచాడు. అన్న రెండు చేతుల్లోనూ పళ్లెం ఉంది. నేనే ముద్దలు కలిపి వాడి నోట్లో పెట్టాను. వాడు తింటూ ఏడ్చాడు, ఏడుస్తూ కూడా పళ్లెం ఒరగనివ్వలేదు.

అవ్వ మనవడిని చూసి కాళ్లు తుడిచి లోపలికి తీసుకుపోయింది. కూతురి పళ్లెం చూసి మాత్రం, "గీ ఉసికె గంపెడు మన వాగుల లేదా?" అంది. బాపు ఆ సాయంత్రమే తిరిగిపోయి అమ్మకు కబురు చెప్పాడు. మర్నాడు అమ్మ వచ్చింది. కొడుకును కొట్టింది, ముద్దు పెట్టుకుంది, మళ్లీ కొట్టింది. ఒళ్లు కాలుతుంటే, గొంతు లేక, నడిమి గదిలో పడుకున్న అన్నకు పళ్లెం కాపలా పని పడింది. మొదట విసుక్కున్నాడు. రెండు రోజులకే భూతద్దం వాడి చేతినుంచి ఊడి రాలేదు. తెల్లటి కోశం మీద మెల్లగా రెండు నల్లటి చుక్కలు తేలాయి. కళ్లు. తర్వాత కాళ్ల కొసలకు లేత గోధుమరంగు. ఏ మార్పు కనిపించినా అన్న మాట లేక చప్పట్లు చరిచేవాడు. వంటింట్లోంచి, పెరట్లోంచి మేమంతా పరుగు. నాకు తెలిసి మా కుటుంబం మొత్తం ఒక్క విషయం మీద అంత ఐకమత్యంగా ఉండడం మళ్లీ జరగలేదు.

ఆ రోజు చేవెళ్లలో అంగడి, వారానికోసారి జరిగే సంత. ఎండుచేపలు వచ్చాయని తెలిసి చిన్నమ్మ సంచి పట్టుకుని పోయింది. ఆమె అటు పోయిందో లేదో, ఇటు అన్న చప్పట్లు. పోయి చూస్తే కోశం వీపు మీద వెంట్రుకంత చీలిక. అన్న నా భుజం పట్టి గుమ్మం వైపు తోశాడు. నేను చెప్పులు లేకుండా పరుగెత్తాను. మిర్చి రాశుల మధ్యలోంచి, గాజుల బండ్ల పక్కనుంచి, "చిన్నమ్మా! చిన్నమ్మా! వస్తున్నది! బయటికి వస్తున్నది!" అని అరుచుకుంటూ. ఎండుచేపల తట్ట ముందు బేరం చేస్తున్న చిన్నమ్మ నన్ను చూసింది, సంచి అక్కడే పడేసింది, చీర కుచ్చిళ్లు ఎత్తి బొడ్లో దోపింది, పరుగందుకుంది. పట్నం నుంచి వచ్చిన కాలేజీ మేడం అంగడి నడుమ అలా ఉరుకుతుంటే జనం ఏమనుకుంటారు? "లాఠీఛార్జి!" అని ఎవరో కేకేశారు. క్షణంలో దుకాణాల తలుపులు దబదబా పడ్డాయి. తట్టలు నెత్తికెక్కాయి. మేకలు తాళ్లు తెంపుకున్నాయి. సగం అంగడి పోలీసులు ఎటువైపో తెలియక మా వెనకే పరుగెత్తింది. మేం అవ్వ ఇంట్లో దూరితే వాళ్లూ దూరారు. అవ్వ పొరక పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఏం లేదు! పురుగు పుడుతున్నది! పోర్రి!" అని అరిచింది. ఆ మాట విన్నాక ఇక ఎవరు పోతారు?

లోపల అన్న పళ్లెం మీదికి వంగి ఉన్నాడు. చిన్నమ్మ వాడి పక్కన మోకాళ్ల మీద పడింది. రొప్పుతోంది, ఊపిరి తగిలి ఇసుక కదులుతుందని చీర కొంగు నోట్లో కుక్కుకుంది. చీలిక పెద్దదైంది. పాలిపోయిన వీపు బయటపడింది, తర్వాత తల, తర్వాత ఒక్కొక్క కాలు, తడిసిన దారాన్ని విప్పుతున్నట్టు. చివరిసారి ఒంటిని విదిలించుకుని పాత తొడుగును వెనక వదిలేసింది. రంగు ఇంకా పూర్తిగా పట్టలేదు, లేత మీగడలా ఉంది. కానీ ఆకారం అదే, కాళ్లు అవే. అన్న మునివేళ్లతో ఇసుక తవ్వి ఒక పాత పురుగును తీసి దాని పక్కన పెట్టాడు. చిన్నమ్మ భూతద్దం అటూ ఇటూ జరిపింది. గుమ్మంలోని అంగడి జనం మడమలెత్తి తొంగిచూశారు.

"గదే... చిన్నమ్మా, గదే!" అన్నాడు అన్న. ఎండిన ఆకు నలిగినట్టున్న ఆ గొంతు మేం విని ఎన్ని రోజులైందో. చిన్నమ్మ కొంగు నోట్లోంచి తీసి, వాడి మెడ చుట్టూ చేతులు వేసి, గట్టిగా ఏడ్చేసింది. ఎందుకో తెలియని జనం కొందరు చప్పట్లు కొట్టారు. అవ్వ పొరక పక్కన పెట్టి అందరికీ బెల్లం ముక్క చేతిలో పెట్టింది.

రైళ్లు కుదుటపడ్డాక చిన్నమ్మ ఆ పురుగును, అది విడిచిన తొడుగులనూ పదిలంగా తీసుకుని తీరానికి వెళ్లింది. ప్రొఫెసరు గారు సూక్ష్మదర్శినిలో చాలాసేపు చూసి, "సరేనమ్మా" అన్నారట. ఆ ఒక్క మాటను ఆమె బతికినన్నాళ్లూ ఆయన గొంతుతో అనుకరించి చూపేది. తర్వాత ఆమెకు డాక్టరేట్ వచ్చింది. ఎందరో ఆడపిల్లలను చెయ్యి పట్టి లాగి "చూడు, చూడు, చూడు" అంది. పెళ్లి చేసుకోలేదు, అమ్మ సణుగుడూ ఆపలేదు. అన్న జ్వరం తగ్గగానే మళ్లీ ఉద్యమంలోకి పోయాడు. ఈసారి బాపుతో చెప్పి పోయాడు. కొన్నాళ్లు జైల్లో ఉండి వచ్చాడు. అక్కడి నుంచి రాసిన కార్డుల్లో ముందు పురుగుల క్షేమం అడిగి తర్వాత మా క్షేమం అడిగేవాడు. చదువు ముగించి బడిపంతులయ్యాడు. ఇప్పుడు చిన్నమ్మ లేదు, అన్న లేడు. అవ్వ ఇల్లున్న చోట సిమెంటు దుకాణం ఉంది.

ఆ ఏడాది మా కాలేజీలు సరిగా తెరవనే లేదు. నా ఈడు వాళ్లందరికీ ఒక సంవత్సరం పోయిందని అప్పుడు పెద్దలు బాధపడ్డారు, ఉద్యోగాల దగ్గర ఆ ఖాళీ ఏమిటని అడిగారు, పదవీ విరమణ నాడు కూడా ఎవరో ఆ మాట ఎత్తారు. నేను కష్టపడి చదివి పాసైన సంవత్సరాలు ఏమయ్యాయో, ఎటు పోయాయో ఎంత తలచుకున్నా అందవు. ఏ లెక్కలోకీ రాకుండా పోయిందన్న ఆ ఒక్క ఏడాదే, ఇన్నేళ్లకూ, నా దగ్గర చెక్కుచెదరకుండా మిగిలి ఉంది.